ట్రే నంబరు ముందున్న సున్నా

మా మేనత్త మనుషుల్ని పేర్లతో గుర్తుపెట్టుకోదు, కళ్ళజోడు పవర్లతో గుర్తుపెట్టుకుంటుంది. పక్కవాటా ఆవిడ ‘ప్లస్ రెండున్నర’. పైవాటా లెక్కల మాస్టారు ‘మైనస్ ఆరు’. ఆయన పొద్దున్నే మెట్లు దిగుతుంటే, “మైనస్ ఆరు ఇవాళ కూడా గొడుగు మర్చిపోయాడే” అంటుంది కిటికీలోంచి చూసి. నేను ‘ఒకటింపావు’ని. ఎనిమిదో తరగతిలో నాకు మొదటి కళ్ళజోడు తనే చేసి పెట్టింది, అప్పటి నా పవర్ అది. ఇప్పుడు మూడు దాటింది. అయినా అత్తకి నేను ఒకటింపావునే. అదేమిటని అడిగితే, “మొదటి పవరే మనిషి పేరు. ఆ తర్వాతవన్నీ వయసు” అంటుంది.

ఒక కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో ఇరవై తొమ్మిదేళ్ళుగా అద్దాలు అరగదీస్తోంది. ముందుగదిలో దీపాలు, నిలువుటద్దాలు, గాజు అరల్లో ఫ్రేములు. వెనకగదిలో నీళ్ళు కారుతూ తిరిగే సానరాయి, పవర్ చూసే యంత్రం, గోడ పొడుగునా ట్రేల అరలు, ఒక ఎత్తు స్టూలు. రెండు గదులకీ మధ్య గోడలో పుస్తకమంత కిటికీ ఉంది. కౌంటర్ అమ్మాయి అందులోంచి ట్రే లోపలికి తోస్తుంది. ట్రేలో ఫ్రేము, దాంతో పాటు పవర్ రాసిన చీటీ. అత్త అరలోంచి ఆ పవర్ అద్దపు బిళ్ళలు తీసి, ఫ్రేము ఆకారానికి అరగదీసి, బిగించి, యంత్రం కింద పెట్టి ఒకసారి చూసి, మళ్ళీ అదే కిటికీలోంచి బయటికి తోస్తుంది.

ఒకసారే చూస్తుంది. పక్క దుకాణాల వాళ్ళు రెండుసార్లు, మూడుసార్లు చూసుకుంటారట. “రెండోసారి చూడాల్సొచ్చిందంటే మొదటిసారి చూడలేదన్నమాట” అంటుంది అత్త. మా ఇంట్లో ఈ మాట అన్నిటికీ వాడేస్తారు. నేను తాళం వేసి, రెండు అడుగులు వేసి, వెనక్కి వెళ్ళి తాళం లాగి చూస్తే చాలు, మా అమ్మ నవ్వుతూ “మీ అత్త చూడలేదు, బతికిపోయావ్” అంటుంది.

పందొమ్మిదో ఏట ఆ దుకాణంలో ఫ్రేములు తుడవడానికి చేరింది. అప్పట్లో అద్దాలు అరగదీసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఆయన పని చూపించడానికి ఇష్టపడేవాడు కాదు, తలుపు ఓరగా వేసుకునేవాడు. అత్త ఆ సందులోంచే చూసి నేర్చుకుంది. ఒకరోజు ఆయన నడుం పట్టేసి రాకపోతే, పెద్ద యజమాని తల పట్టుకుని కూర్చుంటే, తడిగుడ్డ పక్కన పెట్టి వెళ్ళి స్టూలెక్కింది. సాయంత్రానికి పదకొండు కళ్ళజోళ్ళు చేసింది. మేస్త్రీ తిరిగొచ్చి రెండేళ్ళు ఆమె పక్కనే పనిచేసి, పోతూ పోతూ తన ఏప్రన్ ఇచ్చిపోయాడు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, “చూద్దాంలే, ముందు అతగాడి పవరెంతో కనుక్కోండి” అనేది. కనుక్కున్న వాళ్ళు లేరు. పెద్ద యజమాని పోయాక ఆయన కొడుకు వచ్చాడు. అతను నిక్కర్లు వేసుకున్నప్పటి నుంచీ అత్తకి తెలుసు. అతను “అక్కా, మీరు” అంటాడు, ఈవిడ “బాబూ” అంటుంది.

మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ పడ్డప్పుడల్లా బడి వదలగానే నేను ఆ వెనకగదికే వెళ్ళేదాన్ని. హోంవర్కు అక్కడే, కునుకూ అక్కడే. ఆ రోజుల్లోనే ఎదురు మేడ మీద కళ్ళ డాక్టరుగారు గది తెరిచి, తన దగ్గరికొచ్చే వాళ్ళకి అక్కడే ఫ్రేము ఎంచుకునేందుకు చిన్న కౌంటర్ పెట్టారు. అద్దాలు మాత్రం మా అత్త దగ్గరికే వచ్చేవి. దుకాణం ట్రేల మీద ఒకటి నుంచి అరవై దాకా నంబర్లు ఉండేవి. డాక్టరుగారి కౌంటర్ వాళ్ళు కూడా ఒకటి నుంచి మొదలుపెట్టి నలభై ట్రేలు పంపారు. మొదటి వారంలోనే రెండు ముప్పైఒకట్లు ఒకే అరలో పక్కపక్కన కూర్చున్నాయి.

ఇంకొకరైతే కొత్త నంబర్లు వేయించేవారు. అత్త ఎర్ర గోళ్ళరంగు సీసా కొనుక్కొచ్చి, డాక్టరుగారి ట్రేలన్నిటికీ నంబరు ముందు ఒక సున్నా పెట్టింది. ముప్పైఒకటి దుకాణానిది, సున్నా ముప్పైఒకటి డాక్టరుగారిది. అంతే, గొడవ వదిలింది. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. “నేనూ పెడతానత్తా” అని బ్రష్ లాక్కున్నాను. ఆ నలభై సున్నాల్లో సగం నేను పెట్టినవే. కొన్ని కోడిగుడ్డులా ఉంటాయి, అవి నావి.

ఈ సంగతి నాకు తెలియదని ఎవరైనా అంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. తెలుసు. గోళ్ళరంగు వాసనతో సహా తెలుసు.

పెద్దయ్యాక నేను ప్రోగ్రామర్‌ని అయ్యాను. పోయిన ఏడాది చిన్న యజమానికి చీటీల మీద విసుగు పుట్టింది. తడి చేతుల్లో చీటీలు నానిపోతున్నాయి, కౌంటర్ అమ్మాయి రాత ఆమెకే అర్థం కావడం లేదు. అన్నీ కంప్యూటర్‌లో పెట్టాలన్నాడు. అత్త వెంటనే, “మా ఒకటింపావు ఉంది కదా బాబూ, దాని పనే అది” అంది. నన్ను పెట్టించింది తనే. రెండు నెలలు ఎవరు కనబడినా, “మా మేనకోడలు మాకు ప్రోగ్రాము రాస్తోంది” అని చెప్పుకుంది. లెక్కల మాస్టారికి రెండుసార్లు చెప్పింది.

పని చిన్నదే. కౌంటర్‌లో ఆర్డరు ఎక్కిస్తారు. వెనకగదిలో అత్త దగ్గర ఒక ట్యాబ్లెట్ ఉంటుంది. అందులో బ్రౌజర్ తెరిచి, పైన అడ్రసు గడిలో మా ప్రోగ్రాము అడ్రసు, దాని చివర ఒక ఏటవాలు గీత, ఆ గీత తర్వాత ట్రే నంబరు కొట్టాలి. ఆ ట్రే తాలూకు పవర్ షీటు తెర మీదికి వస్తుంది. వెతుక్కోవడానికి విడిగా ఒక గడి పెట్టొచ్చు, అది తర్వాత చూద్దామనుకున్నాను. ఆ ‘తర్వాత’ సంగతి వదిలేయండి.

నేర్పించిన రోజు అత్త ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, చూపుడువేలితో ఒక్కొక్క అంకే కొట్టింది. షీటు వచ్చింది. ట్యాబ్లెట్ తిప్పి వెనకవైపు కూడా చూసింది.

“ఈ గీత తర్వాత నేను కొట్టింది ఎవరికి పోతుందే?”

“లోపల ఫంక్షన్ అని ఒకటుంటుంది అత్తా. నువ్వు కిటికీలోంచి ట్రే తోస్తే అవతల అమ్మాయి అందుకోదూ? అలాగే నువ్వు కొట్టిన నంబరుని అది అందుకుంటుంది. ఆ నంబరు పట్టుకుని వెళ్ళి, ఆ ట్రే వివరాలు వెతికి తెచ్చి నీకు చూపిస్తుంది.”

“నేను కొట్టింది కొట్టినట్టే అందుకుంటుందా?”

“కొట్టింది కొట్టినట్టే.”

ఇంత ధీమాగా నా జీవితంలో ఇంకే అబద్ధమూ చెప్పలేదు. అప్పటికది అబద్ధమని నాకు తెలియదు, కాని తెలుసుకోవలసిన మనిషిని నేనే. గీత తర్వాత నంబరు తప్ప ఇంకేదీ రాకూడదని ఆ ఫంక్షన్ ముందు ఒక చిన్న మాట రాశాను. ‘ఇక్కడికొచ్చేది అంకె, అంకెగానే తీసుకో’ అని దాని అర్థం. తడి వేళ్ళతో అక్షరాలేవైనా పడితే గుమ్మంలోనే ఆపేస్తుంది. ఎంత జాగ్రత్తగా రాశానో అని నాకు నేనే మురిసిపోయాను. చీటీలో ఉండే ఫ్రేము వివరం కూడా షీటులోంచి తీసేశాను. ఫ్రేము ఎదురుగా ట్రేలోనే ఉంటుంది కదా, మళ్ళీ రాయడమెందుకు అని.

మొదటి నెల దుకాణం ట్రేలతో నడిచింది. ఒక్క తేడా రాలేదు. రెండో నెలలో డాక్టరుగారి కౌంటర్‌ని కూడా ఎక్కించాం. అక్కడినుంచి వారానికి వచ్చేవి మూడో నాలుగో. వాటిని విడిగా పరీక్షించాలని నాకు తట్టలేదు. అవీ ట్రేలే కదా.

మూడో రోజున అత్త ఫోన్ చేసింది. “ఈ నంబరు ట్రే లేదంటోందే ఇది. ట్రే నా చేతిలోనే ఉంది.” నెట్ సరిగా లేదేమో, కాసేపాగి చూడమన్నాను. ఆగి చూసింది, మళ్ళీ లేదంది. చివరికి డాక్టరుగారి కౌంటర్‌కి ఫోన్ చేసి, వాళ్ళ పుస్తకంలోంచి చదివించుకుని చేసింది. తర్వాతి వారం ఇంకోసారి అంతే. ఈసారి నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను, విసుక్కున్నాను. “సరిగ్గా కొట్టు అత్తా. పక్క అంకె మీద వేలు పడుతుందేమో చూసుకో.”

ఆ సాయంత్రం ఇంటికెళ్తే మెల్లగా అడిగింది.

“తెర మీద పైన ట్రే నంబరు వేస్తుంది కదా, అందులో సున్నా పడటం లేదేంటే?”

ఆ మాట దగ్గరే నేను ఆగి ఉంటే, ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు. నేను ఆగలేదు. రోజంతా ఆఫీసులో ఎవరెవరి తప్పులో దిద్ది వచ్చాను.

“నంబరు ముందు సున్నాకి విలువ లేదత్తా. ఒకటో తరగతి పిల్లల్నడిగినా చెప్తారు.”

“అంతేలే” అంది. “చదువుకున్నదానివి, నీకు తెలీదా.”

మూడో వారంలో బస్సు డ్రైవరు ఒకాయన కళ్ళజోడు చేత్తో పట్టుకుని దుకాణానికొచ్చాడు. పెట్టుకుంటే మెట్లు కిందికి జారిపోతున్నట్టున్నాయని, డిపోలో మోకాలు కొట్టుకుందని, ఆ కళ్ళతో బండి తియ్యనివ్వలేదని అరిచాడు. “యాభై మందిని ఎక్కించుకుంటానయ్యా నేను, నీ తమాషాకి కాదు” అన్నాడు యజమానితో. అద్దాలు యంత్రం కింద పెడితే, మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ ఉంది. షీటులో ఉన్నదే చేశానంది అత్త, కౌంటర్‌లో ఎక్కించిన ఆర్డరులో చూస్తే మైనసే ఉంది. ఆ వారంలోనే ఇంకో ముగ్గురు వచ్చారు. తర్వాత సోమవారం ఒకావిడ వచ్చింది. మొత్తం ఐదుగురు. ఇరవై తొమ్మిదేళ్ళలో అత్త చేతిమీదుగా తిరిగొచ్చినవి అన్నీ కలిపినా అన్ని ఉండవు.

డాక్టరుగారు మేడ దిగి వచ్చి, “నా దగ్గర్నుంచి వచ్చేవాళ్ళకే ఇలా ఎందుకవుతోంది?” అని అడిగారు. అత్త తర్వాత సరైన ప్రశ్న అడిగింది ఆయనొక్కరే. యజమాని దాన్ని సాధింపు అనుకున్నాడు. నేను విని కూడా విననట్టే ఉన్నాను.

యజమాని నన్ను పిలిపించాడు. ఎవరు ఏ నంబరు అడిగారో గంటలు నిమిషాలతో సహా ప్రోగ్రాము ఒక చిట్టా రాసుకుంటుంది. అది తీసి చూపించాను. గీత తర్వాత సున్నా మూడు ఒకటి. డ్రైవరు ట్రే నంబరు అదే.

“చూడండి, ఆవిడ కొట్టిన నంబరు సరిగ్గానే వచ్చింది. షీటు కూడా వెళ్ళింది. ప్రోగ్రాములో తప్పేం లేదు.”

“మరి తప్పెక్కడుందమ్మా?”

నేను మాట్లాడలేదు. అత్త గోడ కిటికీ అవతల స్టూలు మీద కూర్చుని ఉంది, సానరాయి ఆగి ఉంది. మాట్లాడకపోవడమే పెద్ద సమాధానమైంది. బయటికొచ్చాక నేను ఇంకో ఘనకార్యం చేశాను. “అత్తా, ఎందుకైనా మంచిది, ఒకసారి కళ్ళు పరీక్ష చేయించుకో” అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఆమె ప్రోగ్రాము మీదికి నెడుతోందని నా మనసులో మాట. మద్దెల ఓడే అని తర్వాత తెలిసింది. ఆ మద్దెల చేసిందాన్ని నేనే.

ఇరవై తొమ్మిదేళ్ళు ఊళ్ళో వాళ్ళందరి కళ్ళకీ అద్దాలు చేసిన మనిషి, మొదటిసారి ఆ మేడెక్కి, డాక్టరుగారి కుర్చీలో కూర్చుని, గోడ మీది అక్షరాలు చదివింది. నేను తోడు వెళ్ళాను. కింది వరస దాకా చదివింది. డాక్టరుగారు దీపం వేసి చూసి, “ఎడమ కంట్లో శుక్లం కాస్త మొదలవుతోంది. ఇంకా ఐదారేళ్ళు పనికేమీ అడ్డం రాదు” అన్నారు. యజమానికి ఆ వాక్యంలో ఒక్క మాటే వినబడింది. శుక్లం.

“అక్కా, మీరు ఇంక విశ్రాంతి తీసుకోండి” అన్నాడు. చెడ్డవాడేం కాదు, నేల చూస్తూనే అన్నాడు. “నెలాఖరు దాకా ఉండండి. కావాలంటే ముందుగదిలో కూర్చుని ఫ్రేములు తుడుద్దురు.”

“ఫ్రేములు తుడవడంతోనే మొదలెట్టాలే బాబూ” అంది అత్త. నెలాఖరు దాకా ఆగలేదు. ఏప్రన్ ఉతికి, ఆరేసి, మడతపెట్టి స్టూలు మీద పెట్టి వచ్చేసింది.

ఇంట్లో ఆమెను చూడటం నా వల్ల కాలేదు. కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించేది. ఒక్క ప్రయత్నంలో ఎక్కేది. లాగేసి మళ్ళీ ఎక్కించేది. కుట్టాల్సిందేమీ లేదు. లెక్కల మాస్టారు మెట్లు దిగుతుంటే తలెత్తి, “ఆయనేనా?” అని నన్ను అడిగింది. ఆయనేనని చెప్పాను. మైనస్ ఆరు అని తను అనలేదు, నేనూ అనలేదు. నాకు కోపం ముంచుకొచ్చింది. యజమాని మీద, డ్రైవరు మీద, శుక్లం మీద, అసలు ఎందుకొచ్చిన ప్రోగ్రాము అని నా మీద. అయినా ఎక్కడ తప్పుందో వెతకాలని మాత్రం తోచలేదు. తప్పు దొరికేసిందని అందరిలాగే నేనూ అనుకున్నాను.

అత్త స్థానంలో ఇంకో దుకాణం నుంచి నలభై ఏళ్ళాయన ఒకడొచ్చాడు. నిబ్బరమైన మనిషి, ప్రతి అద్దాన్నీ రెండుసార్లు చూస్తాడు. చేరిన తొమ్మిదో రోజున ఒక కళ్ళజోడు తిరిగొచ్చింది. పన్నెండో రోజున ఇంకోటి. రెండూ డాక్టరుగారి మనుషులవే. యజమాని ఫోన్ చేసి, “మీ మిషనుకి కూడా శుక్లం వచ్చిందా అమ్మా?” అన్నాడు. ఎగతాళికే అన్నాడు, కాని నా చెంప పగిలినట్టయింది. ఆఫీసుకి సెలవు పెట్టి, పొద్దున పదకొండింటికి ఆ వెనకగదికి వెళ్ళి అత్త స్టూలు పక్కన నిలబడ్డాను.

కిటికీలోంచి ఒక ట్రే వచ్చింది. దాని మీద ఎర్ర సున్నా, తర్వాత ఒకటి, ఎనిమిది. సున్నా కోడిగుడ్డులా ఉంది.

కొత్తాయన సున్నాతో సహా మూడంకెలూ కొట్టాడు. నేను కళ్ళారా చూశాను. షీటు వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో: ట్రే 18.

“సున్నా ఏది?” అన్నాను.

“మొదట్నుంచీ అంతేనండీ. సున్నాకేముంది?” అన్నాడాయన.

ఆ పద్దెనిమిది దుకాణం ట్రే. అది అరలో రెండు వరసల పైన ఉంది. కౌంటర్‌లో దాని ఆర్డరు చూస్తే, తెర మీదున్నది దాని పవరే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, సున్నా రాసిన ట్రే ఎదురుగా పెట్టుకునే నేను ఇన్నాళ్ళు తప్పుని అత్త కళ్ళల్లో వెతికాను. ‘అంకెగానే తీసుకో’ అని నేను పెట్టిన కాపలావాడు అక్షరాలను ఆపడమొక్కటే చేయడం లేదు. లోపలికి పంపేముందు వచ్చినదాన్ని నిజంగానే అంకెగా మార్చేస్తున్నాడు. అంకెకి ముందు సున్నా ఉండదు కదా. సున్నా పద్దెనిమిదిని గుమ్మంలో పద్దెనిమిది చేసి ఫంక్షన్ చేతిలో పెడుతున్నాడు. ఫంక్షన్ ఇంకో మనిషి కళ్ళ వివరాలు తెచ్చిపెడుతోంది. ఆ నంబరుతో దుకాణం ఆర్డరు లేకపోతే, ట్రే లేదంటోంది. చిట్టా రాసుకునేది గుమ్మం బయట, అందుకే అందులో సున్నా ఉంది. అత్త ఆ తప్పు షీటుకి అద్దాలు అచ్చంగా సరిపోయేలా అరగదీసింది. యంత్రం కింద ఒకసారి చూసింది. తెర మీద ఉన్నదానికి సరిగ్గా సరిపోయింది. ఆమె తప్పు ఇంత కూడా లేదు.

‘అంకె’ అన్న ఆ ఒక్క మాట తీసేసి, ‘వచ్చింది వచ్చినట్టే తీసుకో’ అనే మాట పెట్టాను. అర నిమిషం పట్టింది. మళ్ళీ కొట్టి చూశాం. ట్రే 018. పవర్ వేరే. ఫ్రేము గడి కూడా తిరిగి పెట్టాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

యజమాని అక్కడే ఫోన్ తీశాడు, అక్కకి చెబుతానన్నాడు. వద్దన్నాను. నేనే వెళ్ళాను.

అత్త కిటికీ దగ్గరే ఉంది. నిలబడే చెప్పాను, కూర్చోవడానికి మొహం చెల్లలేదు. గుమ్మం, కాపలా, అంకె అన్నీ చెప్పాను. మధ్యలో ఆపలేదు. అంతా విని, సూదిని దారంతో సహా జాకెట్ భుజానికి గుచ్చుకుంది.

“అంటే, సున్నా పోతోంది.”

“పోతోంది.”

“నేను చెప్పాను.”

“చెప్పావత్తా.”

“నువ్వేమన్నావు?”

“విలువ లేదన్నాను.”

“అది కూడా నువ్వు పెట్టిన సున్నానే.” ఆ మాట తిట్టినట్టు అనలేదు, అదే భరించలేకపోయాను. లేచి వంటగదిలోకి వెళ్ళింది. కుండలోంచి నీళ్ళు వంచుకుని తాగింది. గ్లాసు బోర్లించి, ఇటు తిరక్కుండానే అడిగింది.

“అయితే నా కళ్ళు బాగున్నట్టేనా?”

నేను ఏడ్చేశాను. “బాగున్నాయత్తా. మొదట్నుంచీ బాగున్నాయి” అన్నాను. వెనక్కి తిరిగి నా వంక చూసి, “ఊరుకో, ఒకటింపావూ. అద్దాలు తడిసిపోతున్నాయి” అంది.

సోమవారం యజమాని తనే వచ్చి తీసుకెళ్ళాడు. కొత్తాయన్ని పంపించొద్దని, ఇద్దరికీ పనుందని అత్తే చెప్పింది. వెళ్ళేముందు ఒకటి అడిగింది. ఆ ఐదుగురిలో బస్సు డ్రైవర్నైనా పిలిపించాలి, ఎవరి తప్పో ఆయన ముందు నేను చెప్పాలి. డ్రైవరొచ్చాడు, డాక్టరుగారు మేడ దిగొచ్చారు. కౌంటర్ అమ్మాయి చూస్తుండగా చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “మరి ఆమెనెందుకు ఇంటికి పంపారు?” అన్నాడు.

అత్త మడత విప్పి ఏప్రన్ కట్టుకుంది. స్టూలెక్కింది. కిటికీలోంచి ట్రే వచ్చింది, ఎర్ర సున్నాదే. చూపుడువేలితో మూడంకెలూ కొట్టి, తెర మీద మూడూ పడ్డాయో లేదో చూసుకుంది. ఈసారి ట్రేలో చీటీ కూడా ఉంది. అది తను పెట్టించిన షరతు. రెండూ పక్కపక్కన పెట్టి చదివింది. బిళ్ళలు తీసింది. సానరాయి తిరిగింది, నీళ్ళు కారాయి. చేతులు ఎక్కడా తడబడలేదు. అద్దాలు బిగించి, యంత్రం కింద పెట్టి, ఒక కన్ను మూసి చూసింది.

సరిగ్గా ఉంది. ఆమె మొహంలోనే తెలిసింది. కిటికీ వైపు చెయ్యి చాపబోయి, ఆగి, మళ్ళీ యంత్రం కింద పెట్టింది. చూసింది. తీసి, గుడ్డతో తుడిచి, మూడోసారి పెట్టింది.

“ఒకసారి చూస్తే చాలు కదత్తా” అన్నాను.

యంత్రం మీంచి తల ఎత్తలేదు.

“ఇదివరకు చాలేది” అంది.